పన్నెండేళ్ల బాబుకి తొడ నరంలో రక్తం గడ్డ: ఇంటి దగ్గర ఇంజెక్షన్లు ఆరు వారాలా, మూడు నెలలా?

పర్లా నాన్న (సాయంత్రం 6:50)

అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి, రాత్రి తొమ్మిదికి బాబుకి డోసు ఉంది, ఆలోపు ఎవరైనా చెబితే మరీ మంచిది.

మా గుంటడికి పన్నెండేళ్లు. సైకిల్ మీంచి పడ్డాడు, మోకాలి పైన దెబ్బ. రెండు రోజుల్లో తగ్గిపోతుందనుకున్నాం. నాలుగో రోజు నూట మూడు జ్వరం, కాలు కింద పెడితే ఏడుపు. ఇక్కడ చూపిస్తే విశాఖ తీసుకెళ్లిపొమ్మన్నారు. అక్కడ తొడ ఎముకలో చీము పట్టిందని ఆపరేషన్ చేశారు, గజ్జల దగ్గర పెద్ద నరంలోకి గొట్టం వేసి యాంటీబయాటిక్ ఎక్కించారు. జ్వరం దిగింది, హమ్మయ్య అనుకున్న తొమ్మిదో రోజు పొద్దున్న లేచేసరికి ఎడమ కాలు మొత్తం అరటి బోదెలా ఉంది. డాప్లర్ స్కాన్ తీస్తే తొడ నరంలో రక్తం గడ్డ కట్టిందన్నారు. పెద్దోళ్లకి వస్తుందని విన్నాను గానీ పిల్లలకి కూడా వస్తుందని అప్పుడే తెలిసింది.

ముందు రక్తం పలచన చేసే హెపారిన్ డ్రిప్ పెట్టారు, తర్వాత ఇనాక్సపారిన్ ఇంజెక్షన్, పూటకి ఒకటి. బాబు బరువు 32 కిలోలు, డోసు 32 మిల్లీగ్రాములు. గడ్డ కనిపించి ఈరోజుకి ఇరవై రోజులు. పోయిన శుక్రవారం డిశ్చార్జ్ చేశారు, గుణుపురం పాసింజర్‌లో కాలు సీటు మీద చాపించి తెచ్చుకున్నాం. ఇంజెక్షన్ నేనే చేస్తున్నాను. సిస్టర్ ఒకటికి రెండుసార్లు చూపించారు, మందు సీసాలోంచి ఇన్సులిన్ సిరంజితో 32 గీత దాకా లాగి బొడ్డుకి దూరంగా పొట్ట మీద ఇవ్వమన్నారు. మొదటి రోజు వాడి కంటే నా చెయ్యే ఎక్కువ వణికింది.

ఇప్పుడు అడగాల్సినవి. డిశ్చార్జ్ కాగితం మీద మూడు నెలలు అని ఉంది. మా బావమరిది భువనేశ్వర్‌లో ఎవరినో అడిగితే పిల్లలకి ఇప్పుడు ఆరు వారాలు చాలు అంటున్నారట. ఏది నిజం? రెండోది, ఇన్ని సూదులు ఎందుకు, మాత్రలు వచ్చాయి కదా అంటున్నారు. మూడోది, ఇరవై రోజులైనా వాపు పూర్తిగా పోలేదు, టేపుతో కొలిస్తే ఆ తొడ రెండున్నర సెంటీమీటర్లు ఎక్కువే ఉంది. మందు పనిచేస్తున్నట్టా లేనట్టా? ఆసుపత్రిలో అడిగితే "అదే కరుగుతుందిలే" అని వెళ్లిపోయారు. మా అమ్మ అయితే ఎవరో చెప్పారని వాడికి మునగాకు, తోటకూర, గోంగూర అన్నీ మానిపించేసింది.

అన్నట్టు, ఆసుపత్రి వాళ్లిచ్చిన సిరంజీలు పొద్దున్నతో అయిపోయాయి. ఇక్కడ షాపులో అడిగితే ఇన్సులిన్ సిరంజీలే ఇచ్చాడు, కాకపోతే వీటికి ఎర్ర మూత ఉంది, అవి వేరే రంగు. సూది సైజు ఒకటే కాబట్టి పరవాలేదనుకుంటున్నాను.

వార్డు సిస్టర్ (7:12)

అన్నగారూ, మిగతా ప్రశ్నలన్నీ తర్వాత. ఆ ఎర్ర మూత సిరంజితో ఈ రాత్రి డోసు ఇవ్వొద్దు.

నేను పిల్లల వార్డులో పనిచేస్తాను, మాది పాతపట్నమే. ఇన్సులిన్ సిరంజీలు మన దగ్గర రెండు రకాలు అమ్ముతారు. ఆరెంజ్ మూతది యు-100, అంటే ఒక ఎం.ఎల్.కి వంద గీతలు. ఎర్ర మూతది యు-40, ఒక ఎం.ఎల్.కి నలభై గీతలే. మీ సీసా మీద చూడండి, 3 ఎం.ఎల్.లో 300 మిల్లీగ్రాములు అని ఉంటుంది, అంటే ఎం.ఎల్.కి వంద. అందుకే యు-100 సిరంజిలో 32 గీత అంటే సరిగ్గా 32 మిల్లీగ్రాములు, మీకు లెక్క తేలికగా ఉండాలనే అలా నేర్పారు. అదే 32 గీత దాకా ఎర్ర మూత సిరంజిలో లాగితే 0.8 ఎం.ఎల్. వస్తుంది, అంటే 80 మిల్లీగ్రాములు. రెండున్నర రెట్లు! ఆపరేషన్ అయిన కాలుతో ఉన్న పిల్లాడికి.

సిరంజి ఒంటి మీద కూడా రాసి ఉంటుంది, యు-40 అనో 40 యూనిట్లు అనో. మూత రంగుతో పాటు అదీ చదవండి. ఒకవేళ ఇప్పటికే ఒక్క డోసు దీంతో ఇచ్చి ఉంటే ఇక్కడ రాయకుండా ముందు మీ డాక్టర్‌కి ఫోన్ చేయండి.

పర్లా నాన్న (7:20)

చెమటలు పట్టేశాయి సిస్టర్. ఇవ్వలేదు, ఇప్పుడే తెచ్చాను, ప్యాకెట్ కూడా విప్పలేదు. ఒంటి మీద యు-40 అనే ఉంది. షాపుకి వెళ్తున్నాను.

పాతపట్నం పెద్దాయన (7:31)

బాబూ, భయపడకు. మా తోడల్లుడికి కాలు ఇలాగే వాస్తే వెల్లుల్లి వేసి కాచిన నువ్వులనూనెతో రోజూ కిందనుంచి పైకి గట్టిగా మర్దన చేశాం, నెలలో దిగిపోయింది. ఈ సూదులు పొడిచి పొడిచి పసివాడిని గుల్ల చేస్తారు. మన వీధి ఆరెంపీని పిలిచి నొప్పికి ఒక ఇంజెక్షన్ వేయించినా చాలు.

వార్డు సిస్టర్ (7:38)

పెద్దాయన గారూ, మీ అభిమానం అర్థమైంది. మీ తోడల్లుడిది ఏ వాపో నాకు తెలియదు గానీ, నరంలో గడ్డ ఉన్న కాలిని మర్దన చేయకూడదండి. గడ్డ ముక్క విడిపోతే రక్తంతో పాటు గుండెకి, అక్కణ్నుంచి ఊపిరితిత్తుల్లోకి పోయి అడ్డం పడుతుంది. కాలు వాపుతో ఎవరూ చచ్చిపోరు, అలా అడ్డం పడితేనే ప్రాణం మీదకి వస్తుంది. నొప్పి ఇంజెక్షన్ సంగతి అంతకంటే దారుణం. ఆరెంపీలు వేసేది ఎక్కువగా డైక్లోఫెనాకే, అది రక్తస్రావం పెంచే రకం, పైగా కండలోకి పొడుస్తారు. రక్తం పలచన చేసే మందు మీద ఉన్న పిల్లాడికి కండలో సూది పడితే లోపల రక్తం పేరుకుని పిర్ర కాయలా గట్టిపడుతుంది. నేను కళ్లారా చూశాను. ఐబుప్రొఫెన్, ఆస్ప్రిన్ కూడా డాక్టర్ చెప్పకుండా వద్దు. నొప్పికి, జ్వరానికి పారాసిటమాల్, అదీ బరువుకి తగ్గట్టు.

ఏదైనా టీకా వేయించాల్సి వచ్చినా, పన్ను పీకించాల్సి వచ్చినా ఈ మందు వాడుతున్నట్టు ముందు చెప్పాలి. స్కూల్లో టీచర్‌కి కూడా చెప్పి ఉంచండి.

ప్రాణహిత ఒడ్డు (7:55)

అన్నా, మాది సిరొంచ, గడ్చిరోలి జిల్లా. మీ పోస్టు చదువుతుంటే మూడేండ్ల కింద మా ఇల్లే కనబడ్డది. మా బిడ్డకు అప్పుడు తొమ్మిదేండ్లు. నెఫ్రోటిక్ సిండ్రోమ్, మూత్రంలో ప్రొటీన్ పోయే జబ్బు. మొకం, పొట్ట వాపు అలవాటే కాబట్టి ఒక్క కాలే ఎక్కువ వాచిందన్నది నేను రెండు రోజులు పట్టించుకోలే. ఆ తప్పు ఇప్పటికీ గుచ్చుతది. బ్రిడ్జి దాటి కాళేశ్వరం మీదుగా వరంగల్ పోయినం. రక్తం గడ్డకట్టకుండా చూసే యాంటీత్రాంబిన్ అనే ప్రొటీన్ కూడా మూత్రంలనే కొట్టుకపోతది కాబట్టి ఇట్లయిందని అక్కడి డాక్టరమ్మ చెప్పింది.

వాపు గురించి అడిగిన్రు కదా. నాకు ఆమె ఇట్ల చెప్పింది, అప్పటినుంచి నా టెన్షన్ సగం తగ్గింది: ఈ మందు గడ్డను కరిగించదు. గడ్డ ఇంకా పెరగకుండ, కొత్తది పుట్టకుండ కాపలా కాస్తది. కరిగించుకునేది ఒళ్లే, దాని తీరున అది, వారాలు పడతది, నెలలు పడతది. ఒక్కోసారి పూర్తిగా కరగకపోయినా పక్కనుంచి చిన్న నరాలు దారి చేసుకుంటయి. అందుకే వాపు ఉన్నదని మందు దండుగ అనుకోవద్దు, వాపు పోయిందని మందు ఆపొద్దు. మా ఆయన రెండో నెలల "తగ్గింది కదా" అని ఆపుదామన్నడు, పెద్ద లొల్లే అయింది మా ఇంట్ల.

ఆకుకూరల ముచ్చట. మా బిడ్డకు తర్వాత వార్ఫరిన్ మాత్ర పెట్టిన్రు. ఆకుకూరల పథ్యం ఆ మాత్రకే, ఎందుకంటే ఆకుల్ల విటమిన్ కె ఉంటది, మాత్ర చేసే పనికి అది ఎదురు. అప్పుడు కూడా పూర్తిగా మానెయ్యమనలే, వారం వారం ఒకే తీరుగ తినమన్నది. ఒక వారం ఏమీ తినకుండ మరుసటి వారం రోజూ పాలకూర తింటే లెక్క తప్పుతది. ఐ.ఎన్.ఆర్. అని రక్తం ఎంత పలచబడ్డదో చూసే పరీక్ష, రెండుకు మూడుకు నడుమ ఉండాలె. మాకు మొదట్ల వారానికి ఒకసారి, వరంగల్ పోయి రావాలంటే ఒక రోజు కూలి పోయినట్టే. మీ బాబుది ఇంజెక్షన్ కదా, దానికి ఆకుకూరలతో పేచీ లేదు. మీ అమ్మగారిని గోంగూర వండమనున్రి, పాపం ఎముక ఆపరేషన్ అయిన పిలగాడు.

రాయగడ కుర్ర డాక్టర్ (8:20)

ముందుగా వార్డు సిస్టర్‌కి దండం. నేను పిల్లల విభాగంలో పీజీ చేస్తున్నాను. బాబుని చూడలేదు కాబట్టి ఎన్నాళ్లు అన్నది నేను తేల్చను, కానీ మీ బావమరిది విన్నది ఎక్కడిదో చెప్పగలను.

పిల్లలకి కాలి నరాల్లో గడ్డ ఊరికే రావడం అరుదు. దాదాపు ఎప్పుడూ ఏదో కారణం ఉంటుంది, వాటిల్లో పెద్ద నరంలో వేసిన గొట్టానిదే మొదటి స్థానం. మీ వాడికి గొట్టం ఒకటి, ఎముకలో ఇన్‌ఫెక్షన్ ఒకటి, ఆపరేషన్, మంచం మీద కదలకుండా పడుకోవడం, అన్నీ ఒకేచోట కలిశాయి. ఇలా తాత్కాలిక కారణంతో వచ్చిన గడ్డలకి ఆరు వారాల మందు, మూడు నెలల మందు పోల్చి చూసిన పెద్ద పరీక్ష ఒకటి జరిగింది, పేరు కిడ్స్-డాట్, 2022లో అచ్చయింది. ఇరవై ఒక్క ఏళ్లలోపు వాళ్లు, నాలుగు వందల మందికి పైగా. గడ్డ తిరిగి రావడంలో గానీ, రక్తస్రావంలో గానీ ఆరు వారాల వాళ్ల ఫలితం మూడు నెలల వాళ్లకంటే తీసిపోలేదు. బావమరిది చెప్పింది ఉత్త మాట కాదు.

అయితే అందులో మెలిక ఉంది, అది చెప్పేవాళ్లు తక్కువ. ఆరు వారాల దగ్గర మళ్లీ స్కాన్ చేశారు. నరం అప్పటికీ పూర్తిగా మూసుకునే ఉన్నవాళ్లకి, గడ్డ కట్టడానికి దారితీసే యాంటీఫాస్ఫోలిపిడ్ అనే యాంటీబాడీలు పోకుండా ఉన్నవాళ్లకి ఆరు వారాలతో ఆపలేదు. కాబట్టి మీరు డాక్టర్‌ని అడగాల్సింది "ఆరా, మూడు నెలలా" అని కాదు, "ఆరు వారాలకి డాప్లర్ ఎప్పుడు చేద్దాం సార్, అందులో ఏం కనిపిస్తే ఆపుతారు" అని. గొట్టం తీసేశారా, ఎముక ఇన్‌ఫెక్షన్ పూర్తిగా అదుపులోకి వచ్చిందా అన్నది కూడా లెక్కలోకి వస్తుంది. కారణం ఇంకా ఒంట్లోనే కూర్చుని ఉంటే మందు ఆపడానికి ఎవరూ ఒప్పుకోరు. పాత డాప్లర్ రిపోర్టు, సీడీ ఉంటే అదీ పారేయకండి, రెండోది దాంతో పోల్చాలి.

మాత్రల సంగతి. రివరాక్సబాన్, డబిగాట్రాన్, ఈ రెండిటికీ అమెరికాలో 2021లో పిల్లల గడ్డలకి అనుమతి వచ్చింది. ముందు కనీసం ఐదు రోజులు ఇంజెక్షన్ ఇచ్చి తర్వాతే వీటికి మారుస్తారు, మీ వాడికి అది ఎలాగూ అయింది. వార్ఫరిన్‌లా వారం వారం ఐ.ఎన్.ఆర్. అక్కర్లేదు, సూదులు ఉండవు, మన ఊళ్లకి ఇది చిన్న సుఖం కాదు. రివరాక్సబాన్ అన్నం తిన్నాకే వేయాలి, ఖాళీ కడుపుతో సరిగ్గా ఒంటికి పట్టదు. డబిగాట్రాన్ క్యాప్సూల్ విప్పి పొడి కలిపి ఇవ్వకూడదు. కానీ అడిగే ముందు ఒకటి చూడండి, బాబు వాడుతున్న యాంటీబయాటిక్ మాత్రల్లో రిఫాంపిసిన్ ఉందా? ఎముక ఇన్‌ఫెక్షన్లకి కొందరు దాన్ని కలుపుతారు. అది ఉంటే ఈ మాత్రలు రెండూ ఒంట్లో నిలవవు, వార్ఫరిన్‌ కూడా తల్లకిందులవుతుంది. అలాంటప్పుడు ఇంజెక్షనే దిక్కు. మీ డాక్టర్ ఇంజెక్షన్ మీదే ఉంచడానికి ఇదే కారణం కావచ్చు, కాకపోనూవచ్చు, అడగండి.

డోసు సరిపోతోందా అని చూసే పరీక్ష ఉంది, యాంటీ టెన్-ఏ అంటారు. ఇంజెక్షన్ ఇచ్చిన నాలుగు నుంచి ఆరు గంటల మధ్య రక్తం తీయాలి, అర నుంచి ఒకటి మధ్య ఉండాలి. టైము తప్పితే ఆ అంకెకి అర్థం లేదు. ఆసుపత్రిలో చేశారేమో కాగితాల్లో వెతకండి. ఇంకో మాట, జబ్బులో చిక్కిన పిల్లలు ఇంటికొచ్చాక గబగబా బరువెక్కుతారు. డోసు బరువు మీద ఆధారపడి ఉంటుంది కాబట్టి రెండు వారాలకోసారి తూకం చూసి, తేడా వస్తే డాక్టర్‌కి చెప్పండి, మీరు మాత్రం గీత మార్చకండి.

ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో పొడిచినట్టు నొప్పి, దగ్గితే రక్తం పడినా, కాలు ఒక్కసారిగా మళ్లీ ఉబ్బి రంగు మారినా పొద్దున్న దాకా ఆగొద్దు. అటు వైపు, తారులాంటి నల్ల విరేచనం, ఆగని ముక్కు రక్తం, తలకి దెబ్బ తగలడం, వాంతులతో పెద్ద తలనొప్పి, వీటిల్లో రక్తస్రావం ప్రమాదం ఉంటుంది, వీటికీ అంతే. ఏ ఆసుపత్రికి వెళ్లినా మొదటి మాటగా "ఇనాక్సపారిన్ మీద ఉన్నాడు, చివరి డోసు ఇన్ని గంటలకి" అని చెప్పండి.

పర్లా నాన్న (8:41)

డాక్టర్ గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. కాగితం చూశాను, రిఫాంపిసిన్ అని లేదు, వేరే పేరు ఉంది. గొట్టం ఆరు రోజుల క్రితం తీసేశారు. యాంటీ టెన్-ఏ ఒకసారి చేశారు, 0.7 ఉంది, అది మంచిదో చెడ్డదో ఇన్నాళ్లూ తెలియలేదు. ఇక్కడి ల్యాబ్ అబ్బాయిని అడిగితే అలాంటి పరీక్ష పేరే వినలేదన్నాడు.

సిరంజి కోసం మూడు షాపులు తిరిగాను. మొదటివాడు "రెండూ ఇన్సులిన్‌వే కదా, ఏది తీసుకుంటే ఏం" అన్నాడు. రెండో షాపు మూసేశారు. మూడో షాపులో ఒక ముసలాయన అడగ్గానే "ఏ సీసాకి" అని తిరిగి అడిగాడు, ఆ ఒక్క మాటతో నాకు ప్రాణం లేచొచ్చింది. ఆరెంజ్ మూత డబ్బా ఇచ్చాడు. ఒంటి మీద యు-100 ఉంది, నూరు గీతలున్నాయి.

ఇంకోటి అడగడం మర్చిపోయాను. వాడు నడవొచ్చా? స్కూలు?

రాయగడ కుర్ర డాక్టర్ (8:48)

0.7 బాగుంది. నడక విషయంలో గడ్డ కోసమైతే మంచం మీద కట్టిపడేయనక్కర్లేదు, మందు సరిగ్గా పడుతుంటే నడవడమే మేలు. కానీ ఆ కాలి ఎముక మీద ఎంత బరువు వేయొచ్చన్నది ఆపరేషన్ చేసిన ఎముకల డాక్టర్ చెప్పాలి, ఆయన మాటే చెల్లుతుంది. కూర్చున్నప్పుడు కాలు ఎత్తు మీద. క్రికెట్, కబడ్డీ, చెట్లెక్కడం మందు అయ్యేదాకా బంద్. తిడతాడు, తిట్టించుకోండి.

ప్రాణహిత ఒడ్డు (8:57)

మా బిడ్డకు మందు ఆపిన తర్వాత కూడా ఏడాది దాకా సాయంత్రమైతే ఆ కాలు బరువుగా ఉన్నదనేది. నరం లోపల కవాటాలు దెబ్బతింటే అట్ల ఉంటదట. మేజోళ్లు ఇచ్చిన్రు, ఎండాకాలం తొడగమంటే ఏడ్చేది, చెమటకు దురద. కొలత తీసి కొన్నవైతేనే పనిచేస్తయి, బజార్ల దొరికే బిగుతు సాక్సు కాదు. మీకు అవసరమా కాదా డాక్టర్ను అడుగున్రి. ఇప్పుడు ఆమె స్కూల్ల ఖోఖో ఆడుతది, మరాఠీల నన్ను గదమాయిస్తది.

వార్డు సిస్టర్ (9:05)

అన్నగారూ, డోసు టైమైంది. మడత పట్టి, సూది నిటారుగా, మందు మెల్లగా తోసి, సూది తీసేదాకా మడత వదలొద్దు. తర్వాత దూదితో రుద్దకండి, ఊరికే ఆనించి ఉంచండి, రుద్దితే నల్లగా కమిలిపోతుంది. పొద్దున్న ఎడమ వైపు ఇస్తే రాత్రి కుడి వైపు. నిన్నటి మచ్చ మీదే మళ్లీ వద్దు. నొప్పి అంటే రెండు నిమిషాలు ముందు గుడ్డలో ఐసు చుట్టి పెట్టండి. ఎప్పుడైనా ఒక పూట మర్చిపోతే తర్వాతి పూట డబుల్ మాత్రం చేయకండి, ఫోన్ చేసి అడగండి.

పర్లా నాన్న (9:31)

తొమ్మిదీ పదికి ఇచ్చాను. ఐసు పెట్టాం, ఈసారి "అయిపోయిందా?" అన్నాడు. ఎర్ర మూతవి పదీ రేపు తిరిగి ఇచ్చేస్తాను, మా నాన్నకి షుగర్ ఉంది, ఇంట్లో ఉంటే పొరపాటున కలిసిపోతాయి. అమ్మ రేపటికి తోటకూర తెమ్మంది. సోమవారం విశాఖ ఫోన్ చేసి ఆరు వారాల డాప్లర్ తేదీ అడుగుతాను.

వార్డు సిస్టర్ (9:34)

సరే. సీసా మొదటిసారి గుచ్చిన తేదీ దాని మీద రాశారా? ఇరవై ఎనిమిది రోజులు దాటితే మందు మిగిలినా పారేయాలి. ఫ్రీజర్‌లో పెట్టకండి.

పర్లా నాన్న (9:36)

రాయలేదు సిస్టర్. ఇప్పుడు రాశాను, పోయిన శుక్రవారం తేదీ వేసి. వాడే రాశాడు, స్కెచ్ పెన్నుతో.